పాత లారీ కింద నా ఉద్యోగం

మా లారీని పాత ఇనుము కింద తూకానికి వేసెయ్యమని మొదట చెప్పింది దాన్ని మాకు అమ్మినవాడే. "తోలినన్నాళ్ళు తోలండి, ఆగిన చోట వదిలేసి రండి" అన్నాడు నవ్వుతూ. ఆ తర్వాత షెడ్డు వాళ్ళు అన్నారు, టైర్ల అంగడి ఆయన అన్నాడు, మా మరిది అన్నాడు. వాళ్ళందరి మాటా కాదని ఆ బండిని మేము మా వయసు అయిపోయేదాకా నడిపించాం. తోలింది మా ఆయన ప్రభుదాసు. నడిపించింది నేను. తోలడానికీ నడిపించడానికీ తేడా తెలియనివాళ్ళు పాత బండి కొనకండి. మీ మంచికే చెబుతున్నాను.

నా పేరు రూతమ్మ. మాది బద్వేలు. బడిలో పదో తరగతి దాకా చదివాను. లారీ కింద చదివింది అంతకంటే ఎక్కువ. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోక బండి కిందికి దూరడం మానేశాను. నోరు మాత్రం మానలేదు. పాత లారీ కొనుక్కుని సొంతంగా చూసుకోవాలనుకునే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళలో ఆడపిల్లలు కూడా ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్ళకూ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ఇంజన్ ఇప్పమన్నవాడిని నమ్మకండి

బండి కొన్న కొత్తలోనే మా ఆయనకు కామెర్లు వచ్చి మంచం పట్టాడు. బండి ఇంటి ముందు నిలబడింది. అప్పటికే అది పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయించేది. అయ్యాక నల్లటి పొగ వదిలేది. చిన్న గట్టు ఎక్కాలన్నా రొప్పేది. షెడ్డు ఆయన వచ్చి చూసి, ఇంజన్ మొత్తం ఇప్పాల్సిందే అన్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు బండి వైపు చూడలేదు, మా ఇంటి వైపు చూశాడు, ఇందులో ఎంత పిండుకోవచ్చా అన్నట్టు. నాకు అక్కడే ఒళ్ళు మండింది.

మా వీధి చివర మస్తాన్ భాయ్ అని ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో లారీ ఫిట్టరు. కుడిచేతి చూపుడు వేలు సగం లేదు. వెళ్ళి అడిగాను. ఆయన లుంగీ ఎగ్గట్టి వచ్చి బండి చుట్టూ తిరిగి, "ఇంజన్ ఇప్పమన్నోడు ముందు ఫిల్టర్లు ఇప్పి చూసినాడా బేటీ?" అని అడిగాడు.

"లేదు భాయ్. చూడనే లేదు."

"మరి మనం చూద్దాం పా. నేను కూచ్చోని చెప్తా. నువ్వే ఇప్పల్ల. నా నడుము వంగదు."

నేను నట్లు ఇప్పే పానా పట్టుకోవడం అదే మొదలు. డీజిల్ ఫిల్టర్ ఇప్పితే అడుగున నీళ్ళు, దాని మీద నల్లటి జిగురు. గాలి ఫిల్టర్ ఇప్పితే కిలోల కొద్దీ క్వారీ దుమ్ము. బండికి గాలి ఆడటం లేదు, మంచి డీజిల్ అందటం లేదు. అది రొప్పక ఏం చేస్తుంది? రెండూ మార్చాం. డీజిల్ పైపుల్లో చేరిన గాలి పోయేదాకా భాయ్ నాతో చేతి పంపు కొట్టించాడు. నా భుజం ఊడిపోతుందనుకున్నాను. సెల్ఫ్ కొడితే బండి ఒక్కసారి దగ్గి, నిలబడి ఆడింది. లోపల మంచం మీదున్న మా ఆయన ఆ చప్పుడు విని గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేశాడు.

ఆ రోజు మస్తాన్ భాయ్ తన సగం వేలు చూపించి చెప్పింది మీకూ చెబుతున్నాను. "ఇంజన్ ఆడతాండంగానే బెల్టు బిగువు చూడబోయినా. ఆపేదానికి బద్ధకం. లారీకి ఎప్పుడూ తొందర లేదు బేటీ. తొందరంతా మనదే."

ఆయన నేర్పిన పని పెద్ద విద్య కాదు. పొద్దున్నే బండి చుట్టూ ఒక తిరుగు తిరగాలి. నేల మీద తడి ఉంటే అది నీళ్ళా, డీజిలా, ఆయిలా అని వేలితో తీసి వాసన చూడాలి. ఆయిల్ పుల్ల తీసినప్పుడు ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటే ఇంజన్లోకి నీళ్ళు దిగుతున్నాయని అర్థం, ఆ రోజు బండి కదలకూడదు. బ్రేకుల గాలి ట్యాంకు కింద చిన్న మర ఉంటుంది, రోజూ దాన్ని తిప్పి లోపల చేరిన నీళ్ళు వదలాలి. ఈ ఒక్క పని చేయనివాళ్ళే ఎక్కువ. కనబడదు కదా అని వదిలేస్తారు. చక్రాల నట్లు సుత్తితో తట్టి వినాలి. బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది డొక్కుగా పలుకుతుంది. గ్రీజు పెట్టాల్సిన చోట్లు అన్నీ వేలితో తడిమి గుర్తుపెట్టుకోవాలి. మా బండికి గ్రీజు ఎండిపోవడం నేను చూడలేదు. నాకు జ్వరం వచ్చిన రోజు కూడా అది ఎండలేదు.

గోళ్ళ గురించి

నేను బండి కిందికి దూరడం వీధిలో అందరికీ నవ్వులాట అయింది. చీర మీద మా ఆయన పాత చొక్కా వేసుకుని పడుకుంటే, పోయేవాళ్ళు నిలబడి చూసి పోయేవాళ్ళు. "ప్రభుదాసు పెండ్లాం లారీకి పురుడు పోస్తాండాది" అన్నాడొకడు. అననీలే అనుకున్నాను. వాడికి సైకిల్ చైను ఊడిపోతే ఎక్కించుకోవడం కూడా రాదు.

కానీ గుడిలో, అంటే మా చర్చిలో, జరిగింది వేరు. మాది తాతల నాటి సంఘం. ఒక ఆదివారం ప్రభు భోజనానికి వరసలో మోకరించాను. కిరసనాయిలుతో కడిగి, సబ్బుతో తోమి, పీచుతో రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. రొట్టె పళ్ళెం తెస్తున్న సంఘ పెద్ద నా చేతులు చూసి ఆగాడు. అందరికీ వినబడేలా, "ఏం రూతమ్మా, ఆ చేతులతోనా రొట్టె ముట్టేది? ఆడమనిషి చెయ్యల్సిన పనా అది?" అన్నాడు.

వరసంతా తలలు తిప్పింది. మా అత్త తల వంచుకుంది. నాకు మొదట ఏడుపొచ్చింది, వెంటనే అది కోపమైంది. చేతులు ముడవలేదు. ఇంకా ముందుకు చాపాను.

"మా ఇంట్లో రొట్టె తెచ్చేది ఈ చేతులేనయ్యా. పెడితే వీట్లోనే పెట్టండి, లేదంటే లేదు."

ఆయన కదల్లేదు. పాస్టరుగారు వచ్చి ఆ పళ్ళెం తీసుకుని నా అరచేతిలో రొట్టె పెట్టి ముందుకు పోయారు. ఇంటికొచ్చాక మా అత్త కొబ్బరినూనె తెచ్చి నా వేళ్ళకు రాసింది. "పగుల్తాండాయి మ్మే, రాత్తిరి పూట రాసుకో" అంది. ఆమె నా పక్షాన ఉందని నాకు అట్లా తెలిసింది.

స్టీరింగ్ ఆయనది, కిందిది నాది

మా బండి ఎక్కువగా నాపరాళ్ళు తోలేది. క్వారీ యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. మనిషి మాట కరుకు. ఆయన చెప్పిందే లోడు, ఆయన చెప్పిందే వేళ. రాయచోటి దోవన పోయే బండ్లన్నీ గువ్వలచెరువు కనుమ దాటాలి. రాతి లోడుతో ఆ మలుపులు దిగేటప్పుడు డ్రైవరుకు దేవుడూ బ్రేకూ తప్ప ఇంకేమీ గుర్తుండదు.

ఒకసారి ఖాళీ బండితో క్వారీకి పోతుంటే మా ఆయన, "బ్రేకు తొక్కితే బండి వణుకుతాండాది, చూడే" అన్నాడు. నేనూ పక్కన ఉన్నాను. లోడింగ్ అరుగు పక్కకు చేరగానే, రాళ్ళు ఎత్తకముందే, జాకీ పెట్టి వెనక చక్రాలు ఊడదీశాను. లోపలి బ్రేకు డ్రమ్మును సుత్తితో తట్టాను. చచ్చిన చప్పుడు. తుడిచి చూస్తే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీలిక. గోరు దిగుతోంది అందులో.

కొత్త డ్రమ్ము కడపలోనే దొరుకుతుంది. ఆ రోజుకు బండి లేదన్నట్టే. గుమాస్తా పోయి చెప్పినట్టున్నాడు, పెద్దాయన తెల్ల చొక్కాతో ఆ దుమ్ములోకి స్వయంగా దిగి వచ్చాడు.

"ఏందమ్మీ ఇది? అరుగు కాడ బండి ఇప్పి కూచ్చున్నావు? ఎనక ఎన్ని బండ్లు నిలబడిండాయో చూసినావా?"

"డ్రమ్ము చీలింది సామీ. ఇట్ల కనుమ దిగితే పగుల్తాది."

"నిన్నటి దాకా పగల్లేదే? ఈ పొద్దు పోయి రానీ, రేపు మార్చుకో. లోడు ఈ పొద్దే పోవల్ల."

"పోదు సామీ."

అట్లా ఒక్క మాటలో ఆయనకు ఎవరూ కాదని చెప్పి ఉండరు. ఆయన నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన మెతక మనిషి. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడింది నేను చూడలేదు. పైగా ఆ క్వారీలో ఆయన ఎన్నో ఏళ్ళు జీతానికి తోలినవాడు. పెద్దాయన ముందు చెప్పులు విడిచి నిలబడిన రోజులున్నాయి. నాకు భయమేసింది, డ్రమ్ముకు కాదు, మా ఆయన ఏమంటాడోనని.

"ఏం ప్రభుదాసూ, బండి నీదా, నీ పెండ్లానిదా?"

మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. తొందర పడలేదు.

"స్టీరింగ్ నాది సామీ. కింద ఉండేదంతా ఆమెది. ఆమె వద్దంటే నేను ఎక్కను."

పెళ్ళిలో చదివించిన ప్రమాణాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు నాకు.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. చక్రం ఎక్కించి బండిని పక్కకు తొయ్యమని తన మనుషులకు చెప్పాడు. డ్రమ్ము లేకుండా చక్రం ఎక్కదు కాబట్టి నేను దాన్ని దొర్లించుకుపోయి మీద కూర్చున్నాను. లేవమన్నారు, లేవలేదు. ఆడమనిషి మీద చెయ్యి వెయ్యడానికి వాళ్ళకు ధైర్యం చాలలేదు. వెనక వరసలో హారన్లు మొదలయ్యాయి. డ్రైవర్లు దిగి తిట్టుకుంటూ వచ్చారు. ముందు వచ్చింది వేంపల్లె శీనయ్య. అతని నోరు మంచిది కాదు. ఏదో అనబోయి, నేను లేచి చీలిక చూపించేసరికి కూర్చుని వేలు పెట్టి చూశాడు. లేచి, "అక్కా, నా బండి కూడా వణుకుతాండాది. ఒకసారి వచ్చి చూస్తావా?" అన్నాడు.

చూశాను. అతని డ్రమ్ము బాగానే ఉంది, దాన్ని పట్టి ఆపే లైనర్లు అరిగి, వాటి రివెట్లు డ్రమ్మును గీకుతున్నాయి. దాని వెనక బండి చూశాను. దాని గాలి ట్యాంకు మర తిప్పితే బిందెడు నీళ్ళు కారాయి. ఆ డ్రైవరు తెల్లబోయి, "ఇదుండాదని కూడా నాకు తెల్దప్పా" అన్నాడు. ఒకరి వెనక ఒకరు పిలిచారు. సాయంత్రం దాకా లారీల కిందే ఉన్నాను. ఆ రోజు క్వారీలో రాయి కదల్లేదు. శీనయ్య అందరి తరఫునా పోయి, కనుమ దిగే బండ్లు బాగుచేసుకున్నాకే లోడెత్తుతాయని చెప్పి వచ్చాడు.

పెద్దాయన మాకు చెప్పింది ఒక్కటే. "మీ బండి మళ్ళా ఈ గేటులోకి రాకూడదు."

కడప నుంచి డ్రమ్ము తెచ్చి బిగించుకుని, ఖాళీ బండితో ఇంటికి వచ్చాం. దోవలో మా ఆయనను అడిగాను, "నా వల్ల పని పాయ కదా, కోపంగా ఉండాదా?" అని. "ప్రాణాలతో అయితే ఉండాం కదే" అన్నాడు.

ఆలూరు నీళ్ళు

ఆ వేసవి ఎక్కడా లోడు దొరకలేదు. పెద్దాయన మాట చుట్టుపక్కల క్వారీలకు కూడా పాకింది. అప్పుడు కర్నూలు జిల్లా ఆలూరు వైపు ఊళ్ళకు నీళ్ళు తోలే పని ఉందని తెలిసి, బండి మీద ట్యాంకు బిగించుకుని పోయాం. కొత్త లారీల వాళ్ళు ఆ దోవలు చూసి ఒప్పుకోలేదట. నల్లరేగడి ఎండి బీటలు పడి, చక్రాలు దిగితే బండి బరువు మోసే కమాను పట్టీలు విరిగే దోవలు. మా బండికి విరగడం కొత్త కాదు, నాకు కట్టడం కొత్త కాదు.

ఒక మధ్యాహ్నం ఊరు కనబడుతున్నంత దూరంలో ఇంజన్ ముందు నుంచి ఆవిరి లేచింది. రేడియేటర్ కింది హోసు పైపు పగిలింది. బండి మీద ట్యాంకు నిండా నీళ్ళు, ఇంజన్లో చుక్క లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు మమ్మల్ని చూసి బిందెలతో ఎదురొచ్చారు. మా ఆయన రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతే అరిచి ఆపాను. వేడి మీద ఆ మూత తీస్తే ముఖం కాలిపోతుంది, ఇది రాసి పెట్టుకోండి. చల్లారేదాకా నీడలో కూర్చున్నాం. పైపు ఊడదీసి చూస్తే చీలిక పొడుగ్గా ఉంది. చుట్టడానికి రబ్బరు కావాలి.

సైకిల్ మీద వచ్చిన రైతొకాయన మా అవస్థ చూసి, ఏమీ అడక్కుండా సైకిల్ బోర్లించి చక్రం ఊడదీయడం మొదలుపెట్టాడు. ట్యూబు బయటికి లాగి నా చేతిలో పెట్టాడు.

"నీ సైకిలు ఎట్లప్పా?" అన్నాను.

"సైకిలు తోసుకోని పోతాలేమ్మా. ఊర్లో గొడ్లు రెండు దినాల నుంచి నాలికలు సాపినాయి. కట్టు నువ్వు."

"ట్యూబుకు ఎంత..."

"దుడ్లు గిడ్లు ఎత్తొద్దు. నీళ్ళు రానీ."

ట్యూబును పట్టీలుగా కోసి, సాగదీసి చుట్టి, తీగతో బిగించాను. ట్యాంకు నీళ్ళే రేడియేటర్లో పోశాం. బండి మెల్లగా ఊళ్ళోకి పోయింది. మనుషులకంటే ముందు తొట్ల దగ్గరికి పొమ్మన్నారు ఆడవాళ్ళు. గొడ్లు నీళ్ళు తాగే చప్పుడు విన్నాను ఆ రోజు. ఎవరో మెచ్చుకుంటారని ఈ పని చెయ్యొద్దని మీకు చెప్పాలనుకున్నాను గానీ, ఆ చప్పుడు గుర్తొస్తే ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను.

ఆ కట్టు ఊరు చేరడానికే. మరుసటి రోజే కొత్త పైపు వేశాను. దోవలో వేసిన కట్టు పనిచేస్తోంది కదా అని అట్లాగే తిరిగేవాడు మెకానిక్కూ కాదు, డ్రైవరూ కాదు. సోమరి.

గేటు

వానలు పడ్డాక శీనయ్య మా ఇంటికి వచ్చాడు. "పెద్దాయన పిలుస్తాండాడు అక్కా. కనుమ బండ్లు చూసేదానికి మనిషి కావల్లని మేమంతా లోడు ఆపి అడగతానే ఉండాం. నువ్వే కావల్లని చెప్పినాం."

పోయాను. పెద్దాయన కుర్చీ చూపించలేదు, నేనూ అడగలేదు.

"ఏందమ్మీ, నా క్వారీలో నువ్వు లేకుండానే సమ్మె నడిపిస్తివే. ఈడ ఉండి చూస్తావా బండ్లు?"

"చూస్తా సామీ. నేను వద్దన్న బండికి లోడు ఎత్తకూడదు. మీరు వచ్చి చెప్పినా ఎత్తకూడదు. దానికి ఒప్పుకుంటేనే."

ఆయన కిటికీలోంచి నిలబడిన బండ్ల వరస చూశాడు. "సరే" అన్నాడు.

గేటు పక్కన, బండి కింద నిలబడి చూసుకునేలా, గుంత తవ్వించి, సిమెంటు చేయించి ఇచ్చాడు. నా ఉద్యోగం అక్కడ. మా బండి కూడా అందరి బండ్లలాగే వరసలో వచ్చి గుంత మీద నిలబడేది. ఆయన నన్ను చివరిదాకా ఒక్కసారి మెచ్చుకోలేదు. కానీ ఇచ్చిన మాట తప్పలేదు. ఒకసారి ఆయన సొంత అల్లుడి బండిని నిలిపేస్తే అల్లుడు వచ్చి గట్టిగా అరిచాడు. పెద్దాయన ఆఫీసు గడప మీద నిలబడి, "ఆయమ్మ వద్దనింది కదరా, పో" అన్నాడు. తీపిగా మాట్లాడి మాట మార్చే యజమానుల కంటే ఇట్లాంటి కరుకు మనిషి నయమని నా అనుభవం.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఇంకొక్క మాట. అన్నీ మీరే చేసుకోవాలని పంతం పట్టొద్దు. ఫిల్టర్లు, బెల్టులు, గ్రీజు, పైపులు, లైనర్లు మీ చేతిలోవి. స్టీరింగ్ పెట్టె, బండి మొత్తాన్ని మోసే చాసిస్ అతుకు మీవి కావు. వాటికి పనివాడి దగ్గరికి పోండి, పక్కన నిలబడి చూడండి, అడిగినందుకు విసుక్కుంటే వేరే షెడ్డుకు పోండి.

ఆపింది కూడా మేమే

చివరికి మా బండి చాసిస్ చీలింది. ఒకసారి అతుకు వేయించాం. మళ్ళీ దాని పక్కనే చీలింది. ఇంజన్ ఇంకా గట్టిగా ఉంది. ఇంకో అతుకు వేయించుకుని తోలుకోమని చాలామంది అన్నారు, ఒకప్పుడు తూకానికి వెయ్యమన్న మా మరిదితో సహా. నేను వద్దన్నాను. ఎందరు ఆపమన్నా ఆపని బండిని, ఎందరు తోలమన్నా ఇక తోలనివ్వలేదు.

కర్నూలులో పాత బండ్లు కోసే అంగడికి ఫోన్ చేస్తే, అక్కడి యజమాని లాక్కురావడానికి ఇంకో బండి పంపిస్తానన్నాడు. అవసరం లేదన్నాను. ఖాళీ బండి, మెల్లగా, పగటి పూట, దాని కాళ్ళ మీద అది పోయింది. ఆవరణలోకి మేము తోలుకుని వచ్చేసరికి ఆయన అద్దాలు సర్దుకుని చూశాడు. "దీన్నా కొయ్యమంటాండారు? ఇంజన్ ఇంత బాగా పలుకుతాంటే?"

"ఇంజన్ తీసి ఎవరికైనా అమ్ముకోప్పా. చాసిస్ మాత్రం కొయ్యల్ల. నా కండ్ల ముందర కొయ్యి" అన్నాను. కోయించాకే కదిలాను. మా ఆయన చూడలేక గేటు బయట నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణం ఒక ప్రైవేటు బస్సులో. నంద్యాల దాటాక నాకు కింద నుంచి సన్నటి గీకుడు వినబడింది. బ్రేకు తొక్కినప్పుడు కాదు, తొక్కనప్పుడు. కాలిన లైనరు వాసన కిటికీలోంచి వచ్చింది. లేవబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకోవే. మన బండి కాదు."

"కూచ్చోనుండేది మనమే కదా" అన్నాను.

సీట్లు పట్టుకుంటూ డ్రైవరు దగ్గరికి పోయాను. "నాయనా, ఎడమ పక్క ఎనక చక్రానికి బ్రేకు పట్టేసుకోని ఉండాది. ఆపి చూడు."

కుర్ర డ్రైవరు అద్దంలో నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? పోయి కూచ్చో."

"ఎవరైతే ఏం, ముందు దిగి చూడు. ఆ తర్వాత అడుగు."

వెనక నుంచి ఎవరో ఆలస్యమవుతోందని గొణిగారు. కండక్టరు నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. కొంచెం దూరం పోయాక డ్రైవరు విసుగ్గా బస్సును పక్కకు తీసి దిగాడు. వెనకే నేనూ దిగాను. చక్రం దగ్గరికి చెయ్యి చాపినవాడు తాకకముందే, సెగకు, చెయ్యి లాక్కున్నాడు.

లేచి నిలబడి బస్సు వైపు చూసి, "అందరూ దిగండప్పా" అన్నాడు.